వాగుకు ఏ రంగు వేయాలి?

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుళ్లు, పంతులమ్మలు పెద్దవాణ్ణి కదా అని నన్ను చూడ్డానికి వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఆ రోజుల్లో పల్లెల్లో ఎట్లా పనిచేశారు? ఒక దిక్కు అన్నలు, ఒక దిక్కు పోలీసులు అంటారు కదా, భయం కాలేదా?" అని. భయం కాకపోవడానికి నేనేమన్నా బండరాయినా? పొద్దున లేస్తే భయం. జీపు చప్పుడు వినబడితే భయం. రెండు రోజులు వినబడకపోతే ఇంకా భయం. కానీ నాయనలారా, ఆ భయం ఎక్కడెక్కడ దూరుతుందో మీకు తెలియదు. అడవిలోనూ ఠాణాలోనూ ఉంటుందనుకుంటారు. అది పసిపిల్లల రంగు పెన్సిళ్ల డబ్బాలోకి కూడా దూరుతుంది. ఆ ముచ్చట ఒకటి చెప్తాను, వినండి. పేర్లు మాత్రం అడగొద్దు. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అప్పుడు అలవాటైన జాగ్రత్త అది, పింఛను తీసుకుంటున్నా పోలేదు.

నాది జగిత్యాల. ఎనభైల నడుమ నన్ను సిరిసిల్ల అవతల ఒక వాగొడ్డు ఊరికి బదిలీ చేశారు. మానేరులో కలిసే చిన్న వాగు అది. రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు, ఇద్దరం పంతుళ్లం. అదీ మా బడి. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నేను ఇన్‌ఛార్జి హెడ్మాస్టర్ని, పిల్లలకు పెద్దసారుని. రెండో ఆయన చిన్నసారు. కోరుట్ల దిక్కు నుంచి వచ్చిన పెళ్లికాని కుర్రవాడు, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పాఠం చెప్తే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. ఒప్పుకుంటాను, నేను చెప్పేటప్పుడు అంత వినేవారు కాదు.

అతనితో నాకున్న పేచీ అల్లా గడ్డం. పొత్తికడుపు దాకా కాదుగానీ, చూసినవాళ్లు మళ్లీ ఒకసారి చూసేంత గడ్డం. ఆ వయసు, ఆ గడ్డం, భుజానికో సంచి. చెక్‌పోస్టు దగ్గర ఎర్ర బస్సు ఆపితే మొదట దిగమనేది అతన్నే.

"తీసెయ్యవయ్యా ఆ గడ్డం," అని ఎన్నిసార్లు బతిమాలానో.

"మొక్కు సార్. పర్మినెంటు అయితే కొండగట్టుకు పోయి అంజన్నకు గడ్డం, తల వెంట్రుకలు ఇచ్చుకుంటనని మొక్కిన."

"అంజన్న ఏమీ అనుకోడు, ముందుగాలనే ఇచ్చెయ్యి. నీ మొక్కు సంగతి తుపాకి పట్టుకున్నోనికి ఏం తెలుస్తది?"

నవ్వేవాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. అతని తీరే అంత.

ఇక వాగు సంగతి. ఊరికి ఎగువన నూలుకు రంగులద్దే షెడ్డు ఒకటి ఉండేది. చుట్టుపక్కల నడిచే సాంచాలకు, అంటే మీరు పవర్‌లూములు అనేవాటికి, రంగు నూలు అక్కణ్ణుంచే పోయేది. అద్దకం అయ్యాక మిగిలిన నీళ్లను చిన్న కాలువ తీసి వాగులోకి వదిలేవారు. ఏ రోజు ఏ నూలు అద్దితే వాగుది ఆ రోజు ఆ రంగు. ఊరివాళ్లు తాగేదేమో ఆ వాగు ఇసుకలో తీసిన చెలిమె నీళ్లే. ఇసుకను చేతులతో తోడి గుంట తీస్తే అడుగున నీళ్లు ఊరుతాయి, వాటిని చిప్పతో ముంచుకుంటారు. ఒకప్పుడు కొబ్బరినీళ్ల లాగా ఉండేవట. నేను వెళ్లేనాటికి నోట్లో పోసుకుంటే నాలుక పట్టుకునేది. పిల్లల చేతులూ కాళ్లూ గోకిగోకి పుండ్లు పడ్డాయి. ఎక్కాలు రాయమంటే ఒక చేత్తో గోక్కుంటూ ఇంకో చేత్తో రాసేవారు. చూస్తుంటే నా ఒళ్లే దురద పెట్టేది.

బడి వరండా నీడన తల్లులు కూర్చుని బీడీలు చుట్టేవారు. చేతులు బీడీల మీద, మాటలు వాగు మీద. ఊరి బట్టలుతికే ముసలవ్వ ఒకామె ఉండేది, ఆమె గొంతు ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేది. "తెల్లబట్ట ఏత్తాన, గులాబి బట్ట తీత్తాన. గిది ఉతుకుడా, అద్దుడా? ఆ షెడ్డోడు నాకు కూలియ్యాలె అసలైతే," అనేది. అందరూ నవ్వేవారు. నవ్వి మళ్లీ బీడీలు చుట్టుకునేవారు.

"మరి ఆ షెడ్డాయనకు చెప్పొచ్చు కదమ్మా," అని నేనొకసారి అన్నాను.

ఒక పద్మశాలి తల్లి తలెత్తింది. "షెడ్డు బందైతే సాంచాలు బందైతయి సారు. సాంచాలు బందైతే ఏం తినాలె? నీళ్లు తాగి పండుదామంటే నీళ్లేమో గిట్లున్నయి."

అదొక్కటే కాదు. నలుగురు కలిసి ఎవరికైనా మొర పెట్టుకుంటే "మీ వెనక ఎవరున్నారు?" అని పోలీసులు అడుగుతారు. గట్టిగా తిట్టుకుంటే ఆ మాట అన్నల చెవిన పడుతుంది, వాళ్లు షెడ్డుకు ఏదన్నా చేస్తే పోలీసులు మళ్లీ మా ఊరికే వస్తారు. అడకత్తెరలో పోకచెక్క బతుకు. అందుకని ఊరంతా వాగు గురించి మాట్లాడేది, మాట్లాడవలసినవాళ్లతో మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇట్లా ఉండగా పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలకు పర్యావరణం మీద అవగాహన కలిగించాలి, 'మా ఊరి ప్రకృతి' అనే విషయం మీద బొమ్మలు గీయించాలి, ఊరివాళ్లు చూసేటట్టు గోడకు పెట్టాలి. నేనైతే ఏం చేద్దును? పుస్తకంలో బొమ్మ చూపిద్దును. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద నీలం ఏరు, ఒక గుడిసె, పైన నాలుగు కాకులు. పని అయిపోయేది. చిన్నసారు ఊరుకుంటాడా? సొంత డబ్బులతో రంగు పెన్సిళ్లు తెచ్చి, పిల్లలందరినీ వాగు గట్టుకు తోలుకుపోయి కూర్చోబెట్టి, "పుస్తకం మర్చిపోండ్రి, కండ్లకు ఏది కనవడితే అది గీయుండ్రి," అన్నాడట. నేను ఆ రోజు బడిలో లేను, జీతాల బిల్లుల పని మీద సిరిసిల్ల వెళ్లాను.

మర్నాడు పొద్దున బడి మలుపు తిరిగేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. రోడ్డు వైపు గోడ నిండా బొమ్మలు అతికించి ఉన్నాయి. ఒక్కో పిల్లవాడి గుడిసె ఒక్కో తీరుగా ఉంది, చెట్లు ఒక్కో తీరుగా ఉన్నాయి, వాగు మాత్రం అన్నిట్లోనూ ఒకటే. పండుమిరపకాయ ఎరుపు. దూరం నుంచి చూస్తే బడి గోడకు వరసగా ఎర్రజెండాలు కట్టినట్టుంది.

"ఏం చేసినవయ్యా ఇది?"

"బొమ్మలు సార్. నిన్న వాగు గట్లనే ఉన్నది. ఉన్నది ఉన్నట్టు గీయమన్న."

"ఉన్నది ఉన్నట్టు గీయమని నిన్నెవరన్నరు? ఉత్తర్వుల రాసి ఉన్నదా?"

ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. పీకెయ్యమన్నాను. "సైజింగు గంజి పెట్టిన సార్. గోడ సున్నమన్నా అత్తదిగాని కాయిదం రాదు," అన్నాడు. పడుగు నూలుకు పట్టించే గంజి అది, ఊళ్లో అంతకన్నా గట్టి జిగురు లేదు. ఇద్దరం గోళ్లతో గోకడం మొదలుపెట్టాం. ఒక మూల అంగుళం లేచిందో లేదో, జీపు చప్పుడు.

ఎస్సై కొత్తగా వచ్చినవాడు. ఏ జిల్లావాడో అడిగే ధైర్యం నాకు లేదుగానీ, మా దిక్కు మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. జీపు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరి దాకా నిదానంగా ఒక్కొక్క బొమ్మా చూశాడు. ముఖ్య అతిథిగా పిలిస్తే కూడా అంత శ్రద్ధగా ఎవరూ చూడరు.

"ఎవరు వేయించారు మాస్టారూ ఇవి?"

నేను గోళ్లలో ఇరుక్కున్న గంజి తీసుకుంటున్నాను. చిన్నసారు ముందుకు వచ్చి, "నేనే సార్," అన్నాడు.

"అందరికీ ఎరుపే దొరికిందా?"

"వాగు ఎర్రగ ఉండె సార్ నిన్న."

ఎస్సై తల తిప్పి వాగు వైపు చూశాడు. ఆ రోజు షెడ్డుకు సెలవు. వాగు ఏ పాపమూ ఎరగనట్టు ఇసుక రంగులో పారుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఆయన ఇంకేమీ అనకుండా ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. అందులో నడుముకు కత్తులు కట్టుకున్న మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

"ఇది ఎవరు వేశారు?"

మూడో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది. సన్నగా, రెండు జడలతో ఉండేది.

"ఎవరమ్మా ఈ కత్తులవాడు?"

"మా నాయిన."

"ఎక్కడుంటాడు?"

"చెట్ల మీద ఉంటడు."

ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాణ్ణి. "తాళ్లు గీస్తాడు సార్, కల్లుగీత," అని చెప్పబోయాను. చెప్పానో చెప్పాననుకున్నానో. ఆయన అప్పటికే చిన్నసారు గడ్డం వైపు చూస్తున్నాడు. ఊరేదని అడిగాడు. కోరుట్ల దగ్గర అని చెప్పాడు. గడ్డం ఎందుకని అడిగాడు. మొక్కు అని చెప్పాడు. కానిస్టేబులు ఒకతను నవ్వాడు.

"ఎక్కు. కొంచెం మాట్లాడేది ఉంది. రేపు పంపిస్తాం మాస్టారూ."

'మాట్లాడేది ఉంది' అనే మాటకు అప్పట్లో ఎన్ని అర్థాలున్నాయో మీకు చెప్పి మీ నిద్ర చెడగొట్టను. అట్లా పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లున్నారు, రానివాళ్లున్నారు. నాలుగు రోజుల తర్వాత పేపర్లో ఎదురుకాల్పులని రెండు వరుసల్లో వచ్చినవాళ్లూ ఉన్నారు. జీపు వెళ్లిపోయాక పిల్లలందరూ నా మొహం చూస్తున్నారు. "పోయి కూసోండ్రి, ఎక్కాలు చదువుండ్రి," అన్నాను. ఎక్కాలు మొదలుపెట్టారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

సాయంత్రానికి ఊరంతా బడి ముందుకు వచ్చింది. నా గుండె కాస్త కుదుటపడింది. వీళ్లు చిన్నసారు కోసం వచ్చారు, నలుగురం కలిసి ఏదో ఒకటి చేస్తాం అనుకున్నాను. తీరా చూస్తే వాళ్లు వచ్చింది పెన్సిళ్ల కోసం.

"ఎర్రయి ఏడున్నయి సారు? ఎర్రయన్ని ఇయ్యిండ్రి."

డబ్బాలన్నీ తీయించి ఎర్ర పెన్సిళ్లు ఏరుకున్నారు. విరిచి పొయ్యిలో పెట్టడానికి పట్టుకుపోయారు. ఒక తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని గోళ్ల సందుల్లో ఎరుపేమన్నా ఉందేమోనని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాడు. వాడు మంట అని ఏడుస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మనిషిని తోల్కపోయిండ్రయ్యా! మీరు పెన్సిళ్లు కాలవెట్టుకుంట కూసుంటరా?"

"మనిషిని తోల్కపోయిండ్రనే సారు," అన్నాడు ఆ తండ్రి. అతని గొంతులో కోపం లేదు.

కత్తుల బొమ్మ వేసిన అమ్మాయి తల్లి వరండాలో ఒక మూల కూర్చుంది. బీడీల చాట పక్కన పెట్టి చెంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "నా బిడ్డ గీసిన బొమ్మకే తోల్కపోయిండ్రా సారు? గా పిలగానికి ఏమన్నయితే ఆయన తల్లి ఉసురు నాకు తగులుతది."

"ఏడ్సుడెందుకే?" అని ముసలవ్వ కసురుకుంది. "గడ్డముంటే అన్నేనా? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు. పోయి చెప్పుదాం. వాగుల రంగునీళ్లు అత్తానయా లేవా? అబద్ధమా?"

"అందరం కలిసి పోతే మీటింగు అంటరవ్వా. మనల్ని సుత లోపలేత్తరు," అన్నాడు ఇంకొకాయన.

"కలిసెందుకు పోతమురా? రేపు అంగడి గాదా? అంగడికి పోయేటోన్ని ఎవడాపుతడు?"

ఆ మాటకు అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఠాణా ఉన్న ఊళ్లోనే వారపు అంగడి. ఠాణా ప్రహరీ దాటితే కూరగాయల వరస. కలిసి పోతే మీటింగు, విడివిడిగా పోతే అంగడి. ఎవరూ పోదామనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. పొద్దున ఎంతమంది వస్తారో, అసలు వస్తారో రారో తెలియక నేను ఆ రాత్రంతా కొండగట్టు దిక్కు తిరిగి దండాలు పెట్టుకున్నాను. మొక్కు మొక్కినవాడు వాడు, కాపాడవలసిన బాధ్యత నీది అని అంజన్నతో కొట్లాడాను కూడా.

వచ్చారు. ఒకామె బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి గంప ఎత్తుకుని వచ్చింది. ఒకాయన అమ్మే ఉద్దేశమే లేని మేకను తాడుతో లాక్కొచ్చాడు. ఒకామె నాలుగు సొరకాయలు. ముసలవ్వ బట్టల మూట. దారిలో ఒకరినొకరు ఎరగనట్టే నడిచారు. ఠాణా గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరికీ లోపల పని గుర్తొచ్చింది.

నేను అందరికన్నా ముందు లోపలికి వెళ్లాను. ధైర్యంతో కాదు, బయట నిలబడితే కాళ్లు వెనక్కి తిరుగుతాయని. "వాగు విషయం సార్," అని నేను చెప్పి ముగించేలోపే బీడీల తల్లి వచ్చి వాగు సంగతి చెప్పింది. ఆమె వెనక మేకాయన వచ్చి వాగు సంగతే చెప్పాడు. ఆ తర్వాత సొరకాయల ఆమె.

"ఏంటివాళ? మీ ఊళ్లో అందరికీ వాగేనా?" అని ఎస్సై విసుక్కున్నాడు.

అప్పుడు ముసలవ్వ మూట విప్పి ఒక ధోతి ఆయన బల్ల మీద పరిచింది. గులాబి రంగు ధోతి.

"నీ బాంచెన్ సారూ, గిది మా పటేలు తెల్లధోతి. వాగుల జాడిత్తే గిట్లయింది. గులాబి ధోతి కట్టుకోని పెండ్లికెట్ల పోవాలెనని ఆయన నన్ను తిట్టని తిట్టు లేదు. గీ ఎరుపు నేనేసిన్నా? నన్ను సుత లోపలెయ్యి మరి."

కానిస్టేబుళ్లు నవ్వాపుకోలేకపోయారు. ఎస్సై ధోతి అంచు పట్టుకుని చూశాడు, నవ్వలేదు. లేచి టోపీ పెట్టుకున్నాడు. "పదండి, మీ వాగు చూద్దాం. మీరు చెప్పినట్టు లేకపోతే మాత్రం..." అని అక్కడితో ఆపేశాడు. ఆ మిగిలిన సగం మాట దారి పొడుగునా నా చెవుల్లో మోగింది.

చిన్నసారును తీసుకొచ్చి జీపు వెనకాల కూర్చోబెట్టారు. కింది పెదవి వాచి ఉంది. నా వైపు చూడలేదు. నేనూ చూడలేకపోయాను. ప్రాణంతో ఉన్నాడు, అదే నాకు పండగలా అనిపించింది. ఆ వెంటనే, ఇప్పుడు వాగు ఎర్రగా లేకపోతే అన్న ఆలోచన వచ్చింది.

వాగు ఎర్రగా లేదు. చిలకపచ్చగా ఉంది.

షెడ్డులో ఆ రోజు పచ్చనూలు అద్దుతున్నట్టుంది. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పచ్చగా, మీద కాస్త నురగతో పారుతోంది. గట్టు మీద మూగిన ఊరివాళ్లందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. మొన్న ఎర్రగుండె సారూ, ఇయ్యాల పచ్చ, రేపు ఇంకోటి అని. ఎస్సై చెయ్యెత్తాడు.

"పాచి పట్టిన నీళ్లు పచ్చగా కాక ఎట్లా ఉంటాయి? నేను చూడలేదా వాగులు? మాస్టారూ, మీ పిల్లలు కళ్లకు కనిపించిందే గీస్తారని కదా మీవాడు చెప్తున్నాడు. పిలవండి, గీయమనండి. నా ముందు."

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలు పచ్చవాగు గీస్తారు. కనిపించిందే గీస్తారని తేలిపోతుంది, మనవాడు బయటపడతాడు. పరుగు పరుగున బడికి వెళ్లి పిల్లలను, కాగితాలను, పెన్సిళ్లను తెచ్చాను. డబ్బాల్లో ఎరుపు లేదుగానీ పచ్చ పెన్సిళ్లున్నాయి. గట్టు మీద వరసగా కూర్చోబెట్టి "వాగును గీయుండ్రి," అన్నాను. తల్లులూ తండ్రులూ వెనక నిలబడ్డారు.

పిల్లలు గీస్తున్నారు. నేను ఒక్కొక్కరి వెనక నుంచి తొంగిచూస్తూ నడిచాను. మొదటివాడి వాగు నీలం. వీడికి బుద్ధి లేదు అనుకున్నాను. రెండోవాడిది నీలం. మూడో అమ్మాయిది నీలం. వరస చివరి దాకా వెళ్లాను. ఎదురుగా చిలకపచ్చ నీళ్లు, కాగితాల మీద అచ్చం పుస్తకంలో ఉన్నట్టు నీలం నీళ్లు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు పచ్చ పెన్సిల్ ముట్టుకోలేదు.

ఎస్సై కూడా చూశాడు. ఆయన గొంతు పెరగలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"కనిపించింది గీయరు మాస్టారూ వీళ్లు. చెప్పింది గీస్తారు. ఇవాళ నీలం వేయమని ఎవరో చెప్పారు. అంటే మొన్న ఎరుపు వేయమని కూడా ఎవరో చెప్పే ఉండాలి."

నేను లెక్కల పంతుల్ని, ఆ లెక్కలో తప్పు నాకు దొరకలేదు. జీపులో చిన్నసారు తల దించుకున్నాడు. అయిపోయింది, వీణ్ణి మనమే చేజేతులా ముంచాం అనుకున్నాను.

ఎస్సై ఆ రెండు జడల అమ్మాయి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పాపా, ఈ నీళ్లు ఏ రంగు?"

"పచ్చగున్నయి."

"కనిపిస్తోందా?"

"కనవడ్తానయి."

"మరి నీలం ఎందుకు వేశావు?"

అమ్మాయి తల తిప్పి తల్లి వైపు చూసింది. తల్లి చెంగు నోట్లో కుక్కుకుంది.

"మా అమ్మ చెప్పింది. నీళ్లు ఎట్లున్నా సరే నీలమే ఎయ్యాలెనట. కండ్లకు కనవడ్డది ఏత్తే చిన్నసారును సంపుతరట."

ఆ అమ్మాయి తన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"గా ఎర్రది చింపేయుండ్రి సార్. గిది నీలంది, మంచిగేసిన. గిది తీసుకోని చిన్నసారును ఇచ్చిపోండ్రి."

నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గేముంది, నలుగురి ముందే ఏడ్చాను. ఎస్సై ఆ కాగితం తీసుకున్నాడు. తర్వాత లేచి నీళ్ల దాకా నడిచి, జేబురుమాలు తీసి ముంచి, పిండి, విప్పి చూశాడు. రుమాలు పచ్చబడింది. పాచి గుడ్డకు పట్టదు కదా. రుమాలును మడిచి జేబులో పెట్టుకోబోయి, మళ్లీ ఏమనుకున్నాడో వాగులోనే పడేశాడు.

"దించండి అతన్ని," అన్నాడు.

వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచాడు. "మాస్టారూ, ఇకనుంచి నీలమే వేయించండి. మీకూ మంచిది, నాకూ మంచిది." ఆ మనిషికి దండం పెట్టాలో, కోపం తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం దండమే పెట్టాను.

చిన్నసారు లోపల ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం పర్మినెంటు కాకుండానే ఆ ఆదివారం కొండగట్టుకు పోయి గడ్డం ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత కోరుట్ల వైపే బదిలీ చేయించుకుని వెళ్లాడు. మంచి పంతులని పేరు తెచ్చుకున్నాడని విన్నాను. బొమ్మలు మాత్రం గీయించలేదట. షెడ్డు యజమానికి ఎవరు చెప్పారో ఏమో, కొన్నాళ్లు గుంట తవ్వించి నీళ్లు అందులో ఇంకించాడు. ఊరివాళ్లు సంబరపడ్డారు. వానాకాలం గుంట గట్టు తెగింది, మళ్లీ కట్టలేదు. వాగు మళ్లీ తన రంగుల్లో తాను పారింది.

మీరిప్పుడు పిల్లల చేత అట్టలు పట్టించి, నీటిని కాపాడండి అని ఊరేగింపులు తీస్తున్నారు. తీయండి, మంచిదే. అట్ట మీద ఏం రాయాలో మీరు చెప్పేముందు, వాళ్లకు ఏం కనబడుతోందో ఒకసారి అడగండి. అడిగాక జవాబును తట్టుకునే గుండె కూడా ఉండాలి. నాకు లేదు, అందుకే చెప్తున్నాను.

ఆ ఏడు వార్షిక పరీక్షల్లో పరిసరాల విజ్ఞానం కాగితంలో ఒక ప్రశ్న వచ్చింది, నీటి ధర్మాలు రాయమని. పిల్లలు తలలు వంచి గబగబా రాస్తున్నారు. వరసల మధ్య తిరుగుతూ చూశాను. నీటికి రంగు లేదు. నీటికి రుచి లేదు. నీటికి వాసన లేదు. అందరూ అదే రాశారు. కిటికీలోంచి వాగు కనబడుతోంది. ఆ రోజు ఊదా రంగు.

గంట కొట్టాక అందరూ కాగితాలిచ్చి పరుగెత్తారు. రెండు జడల అమ్మాయి మాత్రం ఆగింది. అటూ ఇటూ చూసి, నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"పుస్తకంల ఉన్నదే రాసిన సార్. మిమ్ముల తోల్కపోరు గద?"

"తోల్కపోరు బిడ్డా," అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? తప్పులేకుండా రాసింది. పూర్తి మార్కులు వేశాను.